బండికీ భూమికీ రగడ

నల్లగొండకు రెండు కోసుల ఇవతల, వాగు ఇసుకలో దిగబడ్డ ఎడ్లబండి. బండి పక్కన తండ్రి మైసయ్య. బండిలో, పెట్టె మీద, పుస్తకం పట్టుకొని కొడుకు ఇస్రాయేలు. ఎండాకాలం, బారెడు పొద్దెక్కింది.

"జర ఊకుంటవా బాపూ! నీ కేకలకు నోటికొచ్చిందంత మర్చిపోతున్న."

"ఎడ్లతోని మాట్లాడకుంటే బండెట్ల లేస్తది బిడ్డా? హే... దా దా దా... ఎర్రోడా, నీ కాలు మొక్కుత, ఒక్క గుంజు గుంజురా!"

"లేస్తలేదు గద. ఎంతసేపటి సంది గుంజుతున్నయి, జానెడు కదలలే. ఎడ్ల నోట్లె నురుగులొస్తున్నయి చూడు."

"జర దమ్ము తీస్కోనీ వాటిని. నువ్వు చదువుకో. ఏందది, ఏదో రగడ రగడ అంటున్నవ్?"

"రగడ కాదు. రగడ్. ఉర్దూ మాట."

"రగడనే గద. ఎవలెవలికి?"

"ఎవలెవలికి కాదు బాపూ! కొట్లాట కాదది. ఒకటి ఇంకోదాన్ని రుద్దుకుంట పోతుంటే ఆపుతది చూడు, దాన్ని ఉర్దూల రగడ్ అంటరు. నీకు నూరుసార్లు చెప్పిన."

"ఏమో బిడ్డా, మనకైతే రగడంటే కొట్లాటనే."

"గట్లనే అనుకొని గద పోయినేడు నా బతుకు బండలైంది."

"పోయినేడు తప్పిన అన్నవ్ గని, ఎట్ల తప్పినవో చెప్పలే."

"చెప్పేటట్టుంటే గద. ఆడ అడిగే పెద్దమనిషి, గడ్డమాయిన, అద్దాలు తుడుసుకుంట అడిగిండు. బండి గీర దొర్లుతుంటే భూమికి దానికి రగడ్ ఉంటదా, ఉంటే ఎందుకుంటది అని. నోట్లెకు ఏమొస్తే గదే అన్న. గీర భూమితోని ఝగడా పెట్టుకుంటది సాబ్ అన్న."

"మంచిగనే చెప్పినవ్ గద."

"మంచిగ చెప్పిన్నా! ఆయిన కడుపు పట్టుకొని నవ్విండు. పక్కగదిలాయినను పిలిచి చెప్పి మల్ల నవ్విండు. 'అయితే పోయి ఇద్దరికి రాజీ చేసి రాపో' అని తోలిచ్చిండు. దర్వాజ దాటి అరుగు దిగినంక గూడ ఇనొచ్చింది గా నవ్వు. ఇప్పటికి ఇనొస్తది నాకు."

"మరి ముందటేడు?"

"ముందటేడు ఇంకో తీర్గ. ఇరుసుకు కందెన నిండ పెట్టి, సాపు జాగల బండిని ఒక్క తోపు తోస్తే, గది ఆగుతదా ఆగకుండ పోతనే ఉంటదా అన్నరు. పోతనే ఉంటది అన్న. రుద్దుకునేది ఇరుసు కాడనే గద, ఆడ కందెన ఉన్నంక ఇంకేడిది రగడ్ అన్న. తప్పన్నరు."

"ఆగుతది. ఆగక యాడికి పోతది?"

"ఆగుతదని నాకూ ఎరుకనే బాపూ! ఎందుకాగుతదనేదే నా గోస. గీర భూమిని రుద్దదు, దొర్లుతది. రుద్దుడే లేదు, రగడ్ ఉన్నదట. రుద్దకుండ రగడ్ ఏడికెల్లి వస్తది? ఇను, ఇగో. 'లుఢక్నే కీ రగడ్, ఫిసల్నే కీ రగడ్ సే కమ్ హోతీ హై.' జారేదానికంటె దొర్లేదానికి రగడ్ తక్వ అంటడు."

"నిజమే. దొర ధాన్యం గుమ్మి జరుపుడుకు ఇరవైమందిమి పడ్డా జరగకపాయె. కింద మొద్దులేసి దొర్లిస్తే ఆరుగురికి పోయింది."

"తక్వ అని నేను గూడ చెప్త. తక్వన్నా ఎందుకుంటది? గది ఒక్క ముక్క చెప్పడు. మన మాటల ఇంకో కితాబన్న లేకపాయె చూస్కుందామంటే. దీన్నే తిప్పి తిప్పి, తిప్పి తిప్పి..."

"కితాబును పెట్టెకేసి కొడ్తవేంది? చినుగుతది."

"చినగనియ్. ఇయ్యాల్టితోని దీంతోని పని ఒడుస్తది. ఇంతెహాన్ పాసైతే అచ్చంపేట మిషన్ బడిల పంతులు నౌకరి. తప్పితే మల్ల కూసోనియ్యరు, మూడుసార్లే. నీ ముల్లుగర్ర నా చేతికొస్తది. నీ లెక్కనే దొర గడి ముంగట చేతులు కట్టుకొని నిలవడాలె, నీ లెక్కనే వానలల్ల ఎండలల్ల వెట్టి బండి తోలాలె. దొర చిన్నకొడుకు, పదేండ్ల పోరడు, నిన్ను ఒరే మైసా అంటుంటే నీకెట్లుంటదో గని నాకు పాణం పోతది."

"ఎడ్లు దూపకొన్నయి. నీల్లు తాపాలె."

"నేనేమంటున్న, నువ్వేమంటున్నవ్?"

"ఇన్న బిడ్డా. ఇన్న గని ముందు బండి లేవాలె."

"లేచేదెప్పుడు? నడిపొద్దు జోహర్ నమాజు గాంగనే పేర్లు పిలుస్తరు. పిలిచినప్పుడు లేకుంటే అంతే సంగతులు. సడక్ మీద పోతే ఈ యాల్లకు నల్లగొండ గుట్ట కింద ఉందుము. దొర ఒక్కనాడు బండి ఇచ్చుడే ఎక్వ అనుకుంటే, నువ్వు తెచ్చి తెచ్చి గీ వాగుల దింపినవ్. ఎందుకు దింపినవ్?"

"సడక్ మీద కంకర పోస్తుండ్రంట."

"ఎవలన్నరు?"

"అన్నరు ఎవలో."

"కంకరైనా ఇసుక కంటె నయం గద!"

"ఎడ్ల గిట్టలకు గుచ్చుతది. నీకేం తెలుస్తది."

"సరే. గీరలకు గోనె చుట్టినవేంది? నేను నిద్రమబ్బుల బండెక్కిన, చీకట్ల చూడలే. ఇప్పుడు చూస్తున్న. పట్టా మీద సుట్టూత గోనె, గోనె మీద తాళ్లు. పసిపిల్లకు గుడ్డలు చుట్టినట్టు!"

"ఎండలకు కట్టె ఎండి ఇనుప పట్టా వదులైంది. తొవ్వల ఊడిపడ్తదని కట్టిన."

"ఎప్పుడు నీల్లు కొట్టి బిగిస్తవ్ గద."

"నీల్లెక్కడియి? బాయి ఎండిపాయె."

"పెట్టె గూడ బాయిల నీల్లు లేకనే తెచ్చినవా? ఒక్కపూట ఇంతెహాన్‌కు ఇంత పెట్టెనా? దీని బరువుకే సగం దిగవడ్డది బండి."

"మీ అమ్మ పెసర్లు పెట్టింది. మిషన్ అమ్మగారికి."

"పెసర్లు పెడ్తె పాస్ చేస్తదా అమ్మగారు! పొద్దుగాల చెప్పిన, వద్దే, నాకు సిగ్గయితది అన్న. ఇన్నదా? గంపెడు మన్ను మోసినట్టు మోసి తానే బండిల పెట్టింది. గా కోపంతోనే పోయొస్త అని గూడ అనలే నేను. దర్వాజల నిలవడి చూస్తనే ఉన్నది."

"ఒక మాట అనేదుండె బిడ్డా."

"సాయంత్రం పోయినంక అంట తియ్. తాళం ఇటియ్యి. సగం పెసర్లు ఈడనే పారపోస్త, బండన్న లేస్తది."

"తాళం... మీ అమ్మ కాడనే ఉండిపోయింది."

"తాళం లేకుండ అమ్మగారికి పెసర్లెట్ల ఇస్తవ్?"

"గదొకటి మర్చిపోయిన."

"నీకు మతి పోయింది బాపూ. నిజంగ మతి పోయింది. నేను నడిచిపోత. నడిచిపోయినా అందుకుంట."

"పోతే పో. పెట్టె నెత్తిన పెట్టుకొని పో."

"ఎవలికి కావాలె గీ పెట్టె!"

"పెట్టె లేకుండ మాత్రం కదిలేది లేదు. కాలిరగ్గొడ్త."

"ఓ అన్నా! గాడ దింపినవేందే బండి? మెడదాక మింగే ఇసుక గది."

"ఎవలమ్మా నువ్వు?"

"గోపమ్మను. గా చెలిమ కాడ నీల్లు తోడుకుంటున్న, తండ్రి కొడుకుల లొల్లి ఇని వచ్చిన. కొట్టుకునేటట్టున్నరు."

"కొట్టుకుంటలేము చెల్లె. వానికి ఇంతెహాన్ ఉన్నది, ఆల్శమైతాందని వాని బాధ. గా ఒడ్డుకు తాటికమ్మలు పడున్నయి, నాలుగు తెస్తవా? గీరల కిందేస్త."

"తెస్త గని, సడక్ ఇడిసి గిటెందుకొచ్చిండ్రు?"

"సడక్ మీద కంకర పోస్తుండ్రటమ్మా. మా బాపు అంటుండు."

"కంకరా? నిన్న సంతకు పోయొచ్చిన నేను. కంకర లేదు గింకర లేదు. అద్దం లెక్కున్నది సడక్."

"ఇన్నవా బాపూ?"

"రేపు పోస్తరేమో."

"ఎడ్లు మంచియే అన్నా. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు. పెద్దోల్ల ఇంటి ఎడ్లు. మెడల గంటలేవి మరి?"

"తాడు తెగింది."

"రెండిటికీ తెగిందా? ఏ ఊరు మీది?"

"అవుతలి దిక్కు."

"గీరలకు గోనెలు గూడ కట్టినవ్."

"చెల్లె. తాటికమ్మలు."

"...తెస్తున్న, తెస్తున్న. ఇగో, ఆరున్నయి. గా ముంతల నీల్లున్నయి, తాగుండ్రి. ఇంకో మాటన్నా. నేను తెల్లారకట్ల సంది చెలిమ కాడనే ఉన్న. గిటు ఏ బండీ రాలేదు. ఎవలొచ్చి అడిగినా గదే చెప్త."

"నీ కడుపు సల్లగుండ."

"పిలగా, మంచిగ చెప్పు ఇంతెహాన్‌ల. మీ బాపు మీద ఒర్లకు. నేనొస్త."

"పోయింది. ఏంది బాపూ గామె? మనం కండ్ల ముంగట ఉంటే బండే రాలేదంటదేంది?"

"ఎండకు ఏదో అంటది పాపం."

"నాకేదో అర్థమైతలేదు."

"ఇయ్యాల నీకు రగడ్ అర్థమైతే చాలు. దిగు. కితాబు ఆడ పెట్టి గీడికి రా. గీర కాడ కూసో."

"కూసొని?"

"గీర ఎన్క ఏమున్నది చూడు."

"సాలున్నది. గీర వచ్చిన సాలు."

"ముంగట?"

"ముంగట ఇసుక లేచున్నది. గీరకు అడ్డం చిన్న కట్ట పోసినట్టు."

"ఎవలు పోసిండ్రు గా కట్ట?"

"ఎవలు పోస్తరు, గీరనే. బరువుకు కిందికి దిగింది, ముంగటి ఇసుక మీదికి లేచింది."

"మరి గీర పోవాల్నంటే ఏం జెయ్యాలె?"

"కట్ట ఎక్కాలె."

"ఎక్కినంక?"

"ఎక్కినంక... ఆడ మల్ల దిగవడ్తది. మల్ల ముంగట కట్ట లేస్తది. మల్ల ఎక్కాలె."

"ఎన్నడు ఒడుస్తది గా ఎక్కుడు?"

"ఒడవది. ఒడవది బాపూ! బండి పోయినంత సేపు ఎక్కుతనే ఉండాలె. సాపు జాగల పోతున్నా గుట్ట ఎక్కుతున్నట్టే!"

"గదే బిడ్డా. ముప్పై ఏండ్ల సంది నాకెరుక, పేరు ఎరుకలేదు గంతే. రుద్దుడు లేదు, గీకుడు లేదు. తన బరువుకు తానే గుంత తీస్కునుడు, గండ్లకెల్లి తానే ఎక్కుడు. దానికే ఎడ్ల పాణం పోతది."

"ఆగు, ఆగు. ఇసుకల సరే. సడక్ మీద గుంత పడదు గద? బండ మీద పడదు గద? ఆడ గూడ రగడ్ ఉంటదని ఉన్నది కితాబుల. గిదే అడుగుతరు నన్ను. నేను ఇసుక ముచ్చట చెప్పంగనే, మరి బండ మీద ఏందిరా అంటడు గడ్డమాయిన."

"బండ మీద గుంత పడదని ఎవలన్నరు?"

"కనవడదు గద."

"గడి దర్వాజ ముంగట నల్లబండలు పరిచున్నయి, చూసినవా?"

"చూసిన."

"వాటి మీద రెండు సాళ్ళు లేవా?"

"ఉన్నయి. చిన్నగున్నప్పుడు గోలీలు దొర్లిచ్చేటోల్లం గా సాళ్ళల్ల. కావలాయిన వచ్చి ఎల్లగొట్టేది."

"గవి నా బండి గీరలు తీసిన సాళ్ళు. పొద్దుకొక్క తాప పోవుడు, మాపుకొక్క తాప వచ్చుడు. ఏ ఒక్కనాడన్న బండ మీద గుంత కండ్లకు కనవడ్డదా? కనవడలే. పడకుంటే సాలెట్లొచ్చింది మరి?"

"నువ్వు తీసినవా గవి."

"నా కంటె ముందు మా నాయిన జర తీసిండు."

"...సరే. పడ్తది అనుకుందాం. ఇంకోటి చెప్పు. బండ మీద గుంత పడినా, గీర పోంగనే మల్ల లేస్తది గద? లేచేటప్పుడు ఎన్కకెల్లి గీరను ముంగటికి నూకాలె. ఎక్కుడుకు పెట్టిన బలం గట్ల వాపస్ రావాలె. ఇగ నష్టమేడిది? గీడనే చిక్కుకుంట నేను ఎప్పుడు."

"మీ తాత పచ్చితోలు నానేసి ఊనేది యాదికున్నదా?"

"ఉన్నది. గా వాసనకు నేను దూరం ఉరికేటోన్ని."

"ఉరికేటోనివే గని, ఊనిన తోలు మీద బొటనేలు ఒత్తి ఆడుకునేటోనివి గూడ. ఒత్తి తీస్తే ఏమైతుండె?"

"గుంత పడుతుండె."

"తియ్యంగనే లేస్తుండెనా?"

"ఎంటనే లేవకపోతుండె. మెల్లగ. నేను లెక్కపెట్టేటోన్ని. ఒకటి, రెండు, మూడు, ఐదనేవరకు సాపైతుండె."

"నువ్వు ఐదనేవరకు గీర ఆడనే నిలవడుంటదా?"

"ఉండదు. ముంగటికి పోయుంటది... బాపూ! అయితే గుంత లేచినా, నూకుదామంటే గీర ఆడుండదు! ఎక్కేటప్పుడు పెట్టింది పెట్టిందే. వాపసొచ్చేది సగమో పావో. మిగిలింది పాయె. గదే రగడ్! రుద్దకుండనే!"

"సడకైనా బండైనా, జర తోలు గుణం ఉంటది బిడ్డా అన్నిటికీ. కొన్నిటికి తక్వ, కొన్నిటికి ఎక్వ."

"రెండేండ్లు. రెండేండ్లు తలకాయ గోడకు కొట్టుకున్న నేను. నువ్వు గా ఇంట్లనే ఉంటివి, గా మంచంలనే పంటివి. ఎందుకు చెప్పలే?"

"బండి ముచ్చటని నాకేం తెలుసు? నువ్వు ఉర్దూల చదువుతుంటివి. రగడ రగడ అంటే ఎవలితోనో కొట్లాటొచ్చిందేమో అని మీ అమ్మ నేను బుగులు పడితిమి."

"నూరుసార్లు చెప్పిన గద నీకు."

"నూరుసార్లు ఊకుండు అన్నవ్ బిడ్డా."

"...అన్న. తప్పు నాదే."

"తప్పొప్పులు తర్వాత. గడ్డమాయిన అడిగినట్టు నేనడుగుత, చెప్పు. ఎప్పుడు ఎక్వైతది గా రగడ్?"

"బరువు ఎక్వైతే ఎక్వైతది సాబ్. గుంత లోతుగ పడ్తది. కింద జాగ మెత్తగున్నా ఎక్వైతది. ఇంకా..."

"గట్టిగ చెప్పు. నవ్వుతడేమో అని బుగులు పడకు."

"గీర మెత్తగున్నా ఎక్వైతది. భూమికి బదులు గీరనే అణుగుతది, గదీ గుంత లెక్కనే. గీర చిన్నదైనా కష్టమే, కట్ట దానికి నిటారుగ కనవడ్తది. గందుకే సాబ్, పెద్ద గీర, గట్టి పట్టా, గట్టి సడక్, తక్వ బరువు. గిట్లుంటే ఒక్క ఎద్దుకు గూడ పోతది బండి."

"శాబాష్. గదొక్కటి చెప్పు నువ్వు, ఇగ నవ్వేటోడు ఎవడో నేను చూస్త. పట్టు, పెట్టె దించుదాం. బరువు తగ్గుతది."

"గిప్పుడు తెలిసిందా బరువని! పట్టు... అబ్బా, పెసర్లేనా గివి, ఇనుప గుండ్లా... జారుతాంది బాపూ, నీ దిక్కు, నీ దిక్కు పట్టు!"

"కాలు తియ్! దెబ్బ తాకిందా?"

"నాకు తాకలే. పెట్టె కొండి ఊడింది. ...గిదేంది? గొంగడి."

"గొంగడే. మల్ల పెట్టు లోపట."

"ఎండలకు మనుషులు మాడిపోతుంటే గొంగడెందుకున్నది గిండ్ల? నా అంగీలు. నాలుగూ పెట్టింది. కొత్త ధోవతి. గిది అమ్మ ఇత్తడి సర్వ బాపూ! పెండ్లికి వాళ్ల అవ్వ పెట్టింది, ఎవలినీ ముట్టుకోనియ్యదు. నా చిన్నప్పటి పలక. బైబిలు. పెసర్లేవి?"

"అడుగున ఉంటయేమో."

"అడుగున తొక్కు జాడి ఉన్నది. పెసర్లు ఒక్క గింజ లేదు. అమ్మ అబద్ధం చెప్పిందా?"

"ఏమో, నాకేమెరుక. ఆడోల్ల సదురుడు."

"గొంగడెందుకు పెట్టింది?"

"నీకు గొంగడి కావాల్నా, ఇంతెహాన్ కావాల్నా? పొద్దు నెత్తి మీదికొస్తాంది. గీరల ముంగట కట్ట తియ్, చేతులతోని తియ్. నేను గీ దిక్కు తీస్త."

"...తీసిన. తాటికమ్మలు గూడ ఏసిన."

"ఇంక జర లోపటికి నూకు కమ్మను. ఆఁ. ఇగ నువ్వు ఎనకకు పో, భుజం పెట్టి నూకు. నేను ఎడ్ల కాడ ఉంట. హే... ఎర్రోడా... దా దా దా దా..."

"లేస్తాంది! బాపూ, లేస్తాంది! ఆపకు!"

"హే హే హే... బండ మీదికి, గా ఒడ్డు కాడి బండ మీదికి... దా, దా... ఇగ చాలు. నిలవడు ఎర్రోడా. నిలవడు నాయినా. ...అమ్మా, నా మోకాళ్లు."

"ఎక్కింది! గిటు చూడు బాపూ, బండ మీద ఒక్క చేత్తోని నూకితే పోతాంది. ఒక్క చేత్తోని! ఇయ్యాల గడ్డమాయినకు గీ బండ, గీ ఇసుక రెండూ చెప్త. తోలు సంగతి చెప్తే ఏమంటడో చూడాలె."

"చెప్పు, చెప్పు. పెట్టె ఎక్కిద్దాం, పట్టు. ఆఁ. గిప్పుడు గోనెలు గూడ కోసెయ్, కొడవలి గాడున్నది. మెత్తగుంటే ఎక్వైతదని నువ్వే అంటివి."

"కోస్తే పట్టా ఊడిపోదా?"

"ఊడది, గట్టిగనే ఉన్నది. ఇగ గీడ సప్పుడైనా ఏంగాదు."

"సప్పుడా?"

"ఏం లేదు. కోసెయ్."

"సప్పుడు కావద్దని కట్టినవా గోనెలు? పట్టా వదులైందన్నవ్."

"పొద్దు పోతాంది బిడ్డా."

"పోనియ్. సప్పుడు కావద్దని గోనెలు. సప్పుడు కావద్దనే గంటలు గూడ ఇప్పినవ్, తాడు తెగలే. సడక్ మీద కంకర లేదు. గోపమ్మ బండే రాలేదంటది. బాపూ, గీర సంగతి గా కితాబు రాసినోనికంటె నీకు ఎక్వ ఎరుక. బరువు పెట్టద్దని ఎరుక, ఇసుకల దింపద్దని ఎరుక, గీరకు మెత్తటిది చుట్టద్దని ఎరుక. అన్ని ఎరుకుండి అన్ని చేసినవ్. ఎందుకు?"

"గట్టిగ మాట్లాడకు. వాగుల మాట దూరం పోతది."

"ఎందుకు బాపూ?"

"సడక్ గడి ముంగట్నుంచి పోతది."

"పోతే ఏంది? దొర బండి దొర గడి ముంగట్నుంచి... నువ్వు అడిగే తెచ్చినవ్ గద?"

"మొన్న అడిగిన. కొడుక్కు ఇంతెహాన్ ఉన్నది, ఒక్కనాడు బండి ఇయ్యుండ్రి దొరా అని కాళ్ల మీద పడ్డ."

"ఏమన్నడు?"

"నవ్విండు. ఒక్కనాడేందిరా, అమాసకెల్లి బండి వానిదే అన్నడు. నీ మోకాళ్లు పనికిరాకుండైనయి, ఇగ నీ కొడుకొచ్చి తోలాలె అన్నడు."

"నేను పాసైతే గూడనా?"

"గది గూడ అడిగిన. పాసైతే ఇంక మంచిగ తోల్తడు తియ్ అన్నడు."

"అమాస ఎల్లుండి గద."

"ఎల్లుండే."

"అయితే చెప్పకుండ తెచ్చినవ్. దొర బండిని, దొర ఎడ్లను, ఊరంత పండుకున్నప్పుడు. వాపస్ పోతే నిన్నేం చేస్తరు బాపూ?"

"రగడైతది. నీ ఉర్దూది గాదు, మనది. నేను చూస్కుంట."

"నువ్వొక్కనివెందుకు చూస్కుంటవ్? నేను గూడ వస్త. ఇంతెహాన్ గాంగనే సాయంత్రం ఇద్దరం పోదాం. సడక్ మీదనే పోదాం, గంటలు కట్టుకొనే పోదాం, దొర ముంగట నేనే మాట్లాడ్త. అమ్మకు గూడ పొద్దుగాల చెప్పని మాట చెప్పాలె. ఏం, ఎందుకట్ల చూస్తున్నవ్? గొంగడి సంగతన్న చెప్పు. గింత ఎండల ఒక్కపూట ఇంతెహాన్‌కు అమ్మ గొంగడెందుకు పెట్టింది?"

"చలికాలానికి, బిడ్డా."